నాలుగు వంతుల నీళ్లు

మా ముత్తాతగారు బాపట్ల చుట్టుపక్కల మూడు ఊళ్లకు కరణం. ఆయన కొడుకు, మా తాతగారు, స్వామి కల్యాణంలో తొలి తాంబూలం అందుకునేవారు. మా గొడ్ల చావిడిలో ముప్పై గేదెలుండేవి. ఊళ్లో ఎవరి ఇంట పురుడు వచ్చినా పాలు మా ఇంటి నుంచే వెళ్లేవి, చుక్క నీళ్లు కలపకుండా. నా చిన్నప్పుడు ఒకసారి ఆ పాలల్లో నీళ్లు కలిపాడని ఒక పాలేరును తాతగారు వాకిట్లో అందరి ముందూ నిలబెట్టి, ఆ పూటే పంపేశారు. అతను పెళ్లాం బిడ్డలతో తెనాలి వెళ్లిపోయాడు.

అరవైల చివరికి మా చావిడిలో ఒక్క గేదె మిగిలింది. మా నాన్నగారికి ఆయాసం మొదలైంది. మూడు మెట్లెక్కితే అరుగు మీద కూలబడేవారు, ఎవరైనా చూస్తే మాత్రం పేపరు చదువుతున్నట్టు కూర్చునేవారు. తెనాలి డాక్టరుగారు గుండె నీరసించిందని బిళ్లలు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. అమ్మకు ఆ బిళ్లలతో తృప్తి కలగక, తాతగారి స్నేహితుడైన రేపల్లె వైద్యుడి దగ్గరకు నన్ను పంపింది.

"బిళ్లలు మానొద్దు. దాంతోపాటు తెల్లమద్ది చెక్క పాలల్లో కాచి ఇవ్వండి. గుండెకు బలం," అన్నాడాయన. "చెక్క తెనాలిలో ఒక కొట్లో మంచిది దొరుకుతుంది. కాచే పద్ధతి అతనే చెబుతాడు."

ఆ మూలికల కొట్లో నా ఎదురుగా కూర్చున్నవాడిని వెంటనే పోల్చుకున్నాను. తాతగారు వాకిట్లో నిలబెట్టిన మనిషి కొడుకు. అదే గడ్డం, అదే వంగిన ముక్కు. అతనూ నన్ను పోల్చాడు.

"కూర్చోండి బాబుగారూ. పెద్దాయనకేనా?"

నేను కూర్చోలేదు. చెక్క ఇమ్మన్నాను. అతను పొట్లం కడుతూ చెప్పాడు: "పొడి ఒక చెంచా. పాలు ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు పొయ్యండి. సన్నటి సెగ మీద..."

"నీళ్లా?"

"నీళ్లేనండి. మీ ఇంట్లో కష్టమనుకోండి," అన్నాడు, తల ఎత్తకుండా.

ఇంకేం వినాలి? పొట్లం అందుకుని వచ్చేశాను. ముప్పై ఏళ్లు ఆగి, మా నాన్నగారి చేత నీళ్లపాలు తాగించాలని చూస్తున్నాడనుకున్నాను. అమ్మతో నీళ్ల మాట చెప్పనేలేదు. చిక్కటి గేదె పాలల్లో పొడి వేసి, పిడకల దాలి మీద పెట్టి, మీగడ కట్టాక ఇచ్చేవాళ్లం. నాన్నగారు ఇష్టంగానే తాగేవారు.

నెల గడిచింది. నాన్నగారి పాదాలు వాచాయి. రెండు మెట్లకే ఆగి, గోడ పట్టుకుంటున్నారు. పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నారు. అప్పుడు నా అనుమానం చెక్క మీదకు వెళ్లింది. తెల్లమద్ది పేరు చెప్పి ఏ నల్లమద్దో కట్టి ఇచ్చి ఉంటాడు. అతని తండ్రికి జరిగిన అవమానానికి మా తండ్రి గుండె మీద కసి తీర్చుకుంటున్నాడు. నిద్రలోనూ ఆ వంగిన ముక్కే కనిపించేది.

మిగిలిన పొడి, నలగ్గొట్టకుండా ఉంచిన రెండు చెక్కలు గుడ్డలో మూటగట్టి రేపల్లె బస్సెక్కాను. వైద్యుడి ముందు పరిచి, "ఇది దొంగ సరుకు. మీరే చూడండి," అన్నాను.

ఆయన చెక్కను వెలుతురుకు పట్టి చూశాడు. పైన బూడిద రంగులో నునుపుగా ఉంది, లోపల ఎర్రగా ఉంది. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి, వగరుకు మూతి బిగించాడు.

"అసలైన తెల్లమద్దే. నల్లమద్దయితే బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఎలా కాస్తున్నారేంటి?"

"చిక్కటి పాలల్లోనండి."

"నీళ్లు?"

నేను చెక్కలను మళ్లీ గుడ్డలో చుట్టసాగాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

"ఒరేయ్, నాలుగు వంతుల నీళ్లు ఇగిరిపోయేదాకా మరిగితేనే కదరా చెక్కలో సారం దిగేది! చివరికి మిగిలేవి పాలే. మీ వంశం పరువు పొయ్యి మీద ఇగిరిపోదులే. కాళ్లు వాచాయంటున్నావు, అది నా చెక్కతో తీరేది కాదు. ముందు తెనాలి తీసుకెళ్లి డాక్టరుకు చూపించు."

మర్నాడే తీసుకెళ్లాను. డాక్టరుగారు బిళ్లలు మార్చారు. ఇంటికొచ్చాక నేనే పొయ్యి ముందు కూర్చుని, ఇత్తడి గిన్నెలోని పాలల్లో నీళ్లు పోశాను. నాన్నగారు వంటింటి గడపలో నిలబడి ఉన్నారని తలెత్తేదాకా తెలియలేదు.

"ఏం పోస్తున్నావురా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ చెంబు చేతిలోనే ఉంది. "నీళ్లండి. కాచే పద్ధతి అదేనట."

"ఎవడు చెప్పాడు?"

ఎవరి కొడుకో చెప్పాను. నాన్నగారు ద్వారబంధం పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. తరవాత అన్నారు: "తలుపేసి కాచు."

ఆ రోజు నుంచి మా వంటింటి తలుపు పొద్దున్నే మూసి ఉండేది. వీళ్లేం వండుకుంటున్నారో అని పొరుగువాళ్లు అనుకుని ఉంటారు.

చెక్క అయిపోయాక మళ్లీ తెనాలి వెళ్లాను. అతను తూస్తూ, "నీళ్లు పోశారాండి?" అని అడిగాడు. పోశానన్నాను. పొట్లం కట్టాడు. నవ్వుతాడేమోనని ముఖం చూశాను, నవ్వలేదు. నవ్వకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. అతని తండ్రి ఆనాడు నిజంగా నీళ్లు కలిపాడా అని అడగాలనిపించింది. అడగలేదు.

వాపు దిగింది. నాన్నగారు మరో మూడేళ్లు మెట్లెక్కారు. బిళ్లల వల్లో, చెక్క వల్లో నేను చెప్పలేను.

ఆయన పోయిన ఏడాది చివరి గేదెను కర్లపాలెం రైతుకు, పాలు కాచిన ఇత్తడి గిన్నెను తెనాలి పాత్రల కొట్టుకు అమ్మేశాం.