గుంజ దాటిన గొర్రెలు

మర్రిగూడలో లెక్కలకు నన్ను మించినవాడు లేడని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. మా సార్లే నన్నడిగి బోర్డు మీద రాసేవారని కూడా కోతలు కోశాను. అది నమ్మే నా కోడలు ఓపెన్ ఇంటర్‌లో లెక్కలు తీసుకుంది. తోటివాళ్లు వద్దంటే, "మా మామ ఉన్నడు, నాకేం ఫికర్?" అందట. ఇంటర్ పాసైతేనే అంగన్‌వాడీలో ఆయా పని పోయి టీచరవుతుంది. రెండుసార్లు లెక్కల్లోనే తప్పింది. రెండుసార్లూ నేరం పేపర్లు దిద్దినవాళ్ల మీదికి నెట్టాను. ఈసారి తప్పితే ఊళ్లో ఖాళీగా ఉన్న ఆ టీచరు పోస్టులోకి వేరొకరు వచ్చేస్తారు.

పరీక్ష ముందురోజు వర్గమూలం కింద ఆరు మైనస్ రెండు ఎక్స్ ఉన్న లెక్క తెచ్చి, దాని ప్రదేశం అడిగింది. అంటే ఎక్స్ ఏ విలువలు తీసుకోవచ్చని. వర్గమూలం లోపల సున్నాకు తక్కువ రాకూడదు, అంతే.

మందను లెక్కపెట్టేటప్పుడు దొడ్డి దగ్గర గుంజ దాటినవే లెక్కలోకి వస్తాయి. నాకు తెలిసిన గణితమదే.

"మూడు కాడ గుంజ పాతు బిడ్డా. గుంజ దాటినయే మనయి. మూడు, ఆపైన."

"పుస్తకంల మూడు, ఆలోపు అనుంది మామా."

"అచ్చుతప్పు!"

తెల్లారి ఆమె ఫోను ఇంట్లో పెట్టి పరీక్షకు చిట్యాల బస్సెక్కింది. గొర్రెలకు తుమ్మకొమ్మ వంచుతూ ఎందుకో ఎక్స్‌కు ఐదు పెట్టి చూశాను. ఆరులోంచి పది పోవాలి. మైనస్ నాలుగు. కొమ్మ వదిలేసి రోడ్డెక్కాను.

చిట్యాల దాకా ఉరికానని ఊళ్లో చెప్పాను. అబద్ధం. మా ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు ఉరకవు. ఆటో అతని కాళ్లావేళ్లా పడి వెళ్లాను. అప్పటికే పరీక్ష కేంద్రం గేటు మూసేశారు.

"ఒక్కటే మాట సారూ! మూడుకు పైన కాదు, కింద అని నా కోడలికి చెప్పాలె!"

"ఏంది తాతా, ఇంటిల్లిపాది కలిసి రాస్తరా పరీక్ష? జరుగు," అన్నాడు కానిస్టేబుల్.

మూడు గంటలు గోడకానుకుని నిలబడ్డాను. కూర్చుంటే మళ్లీ లేవలేను.

కోడలు నవ్వుతూ వచ్చింది. "గదే లెక్క వచ్చింది మామా!"

"ఏం రాసినవ్?"

"ఐదు పెట్టి చూస్తే మైనస్ వచ్చింది. మూడు, ఆలోపు అని రాసిన. మళ్ల నువ్వు యాదికొచ్చినవ్. కొట్టేసి నువ్వు చెప్పిందే రాసిన."

"నేను పదిల లెక్కలు తప్పినోణ్ని బిడ్డా. గీ లెక్కలు నాకు రావు."

ఆమె నవ్వు ఆగిపోయింది. ప్రశ్నపత్రం మళ్లీ విప్పింది. బస్సు వచ్చేదాకా ఒక్కో ప్రశ్న మీద వేలు పెడుతూ, "గిది గూడ నువ్వు చెప్పిందే... గిది గూడ..." అంటూ పోయింది.