పాసైన చెవులు

మా అమ్మాయి పుట్టగానే పచ్చకామెర్లు బాగా ముదిరాయి. కొన్నాళ్లు ఆసుపత్రిలో లైట్ల కిందే ఉంది. ఇంటికి పంపేముందు చెవిలో సన్నటి గొట్టంలాంటిది పెట్టి వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులూ పాస్ అన్నారు. మా అత్తయ్య గుణదల కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. నాలుగో నెల వచ్చింది, పక్కనే మిక్సీ వేసినా పిల్ల నిద్ర చెదరదేం?

"పాసయ్యిందిగా అమ్మాయ్! ప్రార్థన చేసుకోక ఈ పీకులాటేంటి?" అని అత్తయ్య కసిరేది.

ఆవిడకీ లోపల గుబులే. రోజూ తనే పరీక్ష పెట్టేది. నేను పిల్లని ఒళ్లో నాకెదురుగా ఆనించుకుని కూర్చుంటే, దాని వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టేది. పిల్ల చటుక్కున కదిలేది. "చూశావా, వినపడింది!" అని ఆవిడ సంబరం. నాకూ ప్రాణం లేచొచ్చేది. తెల్లారితే మళ్లీ అదే కంగారు.

ఉండబట్టలేక బెంజ్ సర్కిల్ దగ్గరున్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి అదే పరీక్ష మళ్లీ చేసింది. మళ్లీ పాసే.

"లోపలి చెవి శబ్దం అందుకుని, సన్నటి శబ్దం వెనక్కి పంపుతుందండీ. ఈ మిషన్ పట్టేది అదే. అక్కణ్ణించి నరంమీదుగా మెదడుకి చేరుతోందా లేదా అన్నది ఇందులో తెలీదు. కామెర్లు ముదిరితే అక్కడ దెబ్బ తగలొచ్చు. తలకి వైర్లు పెట్టి చేసే టెస్టు ఇంకోటుంది" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి పాసని ఎలా చెప్తారండీ? అయినా పళ్లెం కొడితే కదులుతుంది మా పిల్ల!"

"అప్పుడు ఎవరి ఒళ్లో ఉంటుందండీ?"

"నా ఒళ్లోనే."

ఆమె మర్నాటికి ఆ వైర్ల టెస్టుకి చీటీ రాసిచ్చింది.

ఆ సాయంత్రం అత్తయ్యని పళ్లెం కొట్టమన్నాను. గరిటె లేవడం చూసి పళ్లు బిగబట్టి, కదలకుండా కూర్చున్నాను. ఠంగుమంది. ఇంకోసారి, ఇంకా గట్టిగా. పిల్ల నా మొహంలోకి చూస్తూ బోసినవ్వు నవ్వుతూనే ఉంది. ఇన్నాళ్లూ ఉలిక్కిపడింది నేను. నేను కదిలితే అది కదిలింది.

"ఇంకోసారి కొట్టనా?" అంది అత్తయ్య.

"వద్దత్తయ్యా. రేపు ఆ వైర్ల టెస్టుకి మీరూ రండి" అన్నాను.

అంతవరకే ఆపుకోగలిగాను. ఏడుపుకి నా ఒళ్లు అదిరేసరికి పిల్ల నవ్వు ఆపేసింది.