నేను పెట్టించని సన్‌రూఫ్

ఆ రోజులు అనగానే ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. అంత వెనక్కి పోనక్కర్లేదు. చేతిలో ఫోనూ, ఫోన్లో చుట్టాల వాట్సాప్ గ్రూపులూ ఉన్న రోజులే. కాకపోతే నాకప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడికి ఊరంతా తనవైపే చూస్తోందనిపిస్తుంది, చూడకపోతే ఎలాగైనా చూసేట్టు చేయాలనిపిస్తుంది. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర నా ఉద్యోగం. పొద్దస్తమానం పెద్ద పెద్ద బండ్లు నా కళ్ళముందు ఎక్కి దిగుతుంటే నాకూ పెద్ద బండి మీద మోజు పుట్టింది. (మోజు అని ఇప్పుడంటున్నాను. అప్పట్లో దాన్ని ‘కుటుంబ అవసరం’ అనేవాణ్ణి.) ఒక కాంట్రాక్టరు ఏళ్ళ తరబడి వాడి అమ్మకానికి పెట్టిన బండిని, నాకున్నదంతా ఊడ్చి కొనేశాను. ఎనిమిది మంది దర్జాగానూ, మా చుట్టాలైతే పన్నెండు మంది సర్దుకునీ కూర్చోగలిగినంత బండి. ఇంటి ముందు ఆపితే గుమ్మం కనపడలేదు. మా నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, “మనం ముగ్గురం కదరా. ఇదేమో బస్సంత ఉంది” అన్నాడు. “చుట్టాలున్నారుగా నాన్నా” అన్నాను. “నా భయమూ అదే” అని లోపలికెళ్ళిపోయాడు.

కొనడానికే జేబు ఖాళీ అయింది కాబట్టి సోకులన్నీ చవగ్గా, ఒక్కో నెల జీతానికి ఒక్కోటి చొప్పున చేయించాను. నందిగామలో సీటు కవర్లు కుట్టించాను. ఎవరో తీసేసిన అల్లాయ్ చక్రాలు తెచ్చి వేయించాను. ముందు భాగంలో పెద్ద టచ్ స్క్రీను పెట్టించాను. తాళం తిప్పగానే అందులోంచి ఒక ఆడగొంతు ఏదో తెలియని భాషలో గట్టిగా పలకరించేది. మా అమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడి “స్తోత్రం ప్రభువా” అనేది. రివర్స్ కెమెరా కూడా పెట్టించాను గానీ అది లోకాన్ని తలకిందులుగా చూపించేది, అందుకని వెనక్కి తీసేటప్పుడు మా నాన్నే దిగి “రానీ, రానీ” అనేవాడు. ఇవన్నీ అయ్యాక మిగిలింది టాపు. కాంట్రాక్టరు ఆ బండిని ఏళ్ళ తరబడి ఆరుబయట నిలిపాడు. పైన సిమెంటు పొడి పడటం, దానిమీద మంచు కురవటం, పొద్దున్నే ఎండ కాయటం. ఇలా పొర మీద పొర గట్టిపడి, తెల్లటి టాపు మీద బూడిదరంగు పెచ్చులు కట్టింది. కడిగితే పోదు, గీకితే రంగుతో సహా వస్తుంది. టాపంతా రంగేయించాలంటే నా వల్ల కాదు. రేడియం స్టిక్కర్ల షాపతను నల్లగా నిగనిగలాడే షీటు అతికిస్తే సరిపోతుందన్నాడు. ఆ షీటు వెడల్పు చాలక మధ్యలో మాత్రమే పరుచుకుంది, చుట్టూ తెల్లగా మిగిలింది. పోనీలే, పెచ్చులు కప్పబడిపోయాయి కదా అని సంతోషపడి ఇంటికొచ్చాను.

ఒక ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మా పిన్నిని వాళ్ళింటి దగ్గర దింపాను. వాళ్ళది మేడమీద వాటా. ఆవిడ పైకెక్కి పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూసి ఒక్క కేక వేసింది. “ఒరేయ్, సన్‌రూఫ్ పెట్టించావంట్రా!” కాదు పిన్నీ, స్టిక్కరు అందామని నోరు తెరిచాను. ఈలోగా కింద వాటా ఆవిడ చేట పట్టుకుని బయటికొచ్చింది. ఎదురింటాయన పేపరు దించి చూశాడు. అంతమంది ముందు స్టిక్కరు అనే మాట గొంతు దాటి రాలేదు. “ఆ... అలాంటిదే పిన్నీ” అన్నాను. అలాంటిదే అంటే అదే అని కాదు కదా, మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాను. నేను ఇల్లు చేరేలోపే మేడ మీంచి తీసిన ఫోటో చుట్టాల గ్రూపులో పడింది. పై నుంచి చూస్తే నాకే నిజం సన్‌రూఫ్‌లా అనిపించింది.

సాయంత్రం పిన్ని కూతురు బుజ్జమ్మ ఫోన్ చేసింది. ఆ పిల్లకి నందిగామ సంబంధం కుదిరింది, అబ్బాయి స్కూల్లో టీచరు. బాబాయిది సున్నపురాయి క్వారీలో పని. పెళ్ళికి ఆ పిల్ల ఏది అడిగినా ‘చూద్దాంలే తల్లీ’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పూల మండపం చూద్దాంలే, బ్యాండు చూద్దాంలే, మంచి గౌను చూద్దాంలే. అర్థం చేసుకుని అడగటమే మానేసింది. అలాంటి పిల్ల అడిగింది. “అన్నయ్యా, ఇంకేం వద్దు నాకు. నందిగామలో విందు హాలు గేటు దగ్గర మేమిద్దరం నీ సన్‌రూఫ్‌లోంచి లేచి నిలబడతాం. అంతే. నాన్నకి ఖర్చేం ఉండదు.” “అది కాదు బుజ్జమ్మా, ఆ సన్‌రూఫూ...” అన్నాను. “తెలుసన్నయ్యా, సీట్లు పాడవుతాయనేగా? చెప్పులు విప్పేసి ఎక్కుతాం” అంది. చెప్పులు విప్పేసి ఎక్కుతానన్న పిల్లకి ఎక్కడానికి కన్నమే లేదని ఎలా చెప్పను?

బాబాయికైనా చెప్దామని క్వారీ దగ్గరికి వెళ్ళాను. ఆయన తలమీది పొడి దులుపుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “నీ మేలు మర్చిపోలేన్రా. పిల్ల ఎన్నాళ్ళకో నవ్వింది” అన్నాడు. ఆయన కళ్ళు తడయ్యాయి, నా నోరు ఎండిపోయింది. టీ తాగి వచ్చేశాను. ఇక మిగిలిన దారి ఒక్కటే, నిజంగానే సన్‌రూఫ్ పెట్టించేయడం. బండేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడి మేస్త్రి నేను చెప్పిన పెళ్ళి సంగతంతా విని, టాపు మీద వేలితో కొట్టి చూసి, “కొయ్యొచ్చు. మధ్యలో పట్టీ అడ్డొచ్చుద్ది. అది తీస్తే టాపు ఊగుద్ది. వానొస్తే లోపల గొడుగేసుకోవాల. పెళ్ళెప్పుడు?” అన్నాడు. “వచ్చే గురువారం” అన్నాను. “అయితే పెళ్ళి వాయిదా ఏయించు” అని వేరే బండి కిందికి దూరాడు. తిరుగు దారిలో పరిటాల దగ్గర అంతెత్తు ఆంజనేయస్వామికి బస్సుల్లోవాళ్ళు దండాలు పెడుతుంటే, పుట్టు క్రైస్తవుణ్ణయిన నేను కూడా స్టీరింగు మీంచి ఒక చెయ్యి ఎత్తాను. (పాస్టరు గారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.) ఆ వారమంతా సరిగ్గా తిన్నది లేదు. కాటా దగ్గర లారీ డ్రైవర్లు “బాబూ, చీటీ ఇయ్యవా?” అని అరిస్తేగానీ ఈ లోకంలోకి వచ్చేవాణ్ణి కాదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. గేటు దగ్గర బటన్ నొక్కినట్టు నటించి, ‘అయ్యో, స్విచ్ పని చేయట్లేదు’ అందామని. అద్దం ముందు నిలబడి ఆ మాట సాధన చేశాను. ఎలా అన్నా నా మొహం నన్ను పట్టించేస్తోంది.

పెళ్ళి రోజు రానే వచ్చింది. మే నెల. జగ్గయ్యపేటలో గుడిలో పెళ్ళి, సాయంత్రం నందిగామలో విందు. బండి అలంకరించేవాడు టేపులు పెట్టి టాపు మీద గులాబీలు అతికించాడు. పెళ్ళికొడుకు మేనత్త వచ్చి మల్లెపూలైతే బాగుంటుందంది. అలంకరించేవాడు గులాబీల టేపు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దాంతో పాటు నా షీటు మూల లేచింది, నా ప్రాణం కూడా లేచింది. బొటనవేలితో నొక్కి పెట్టాను. ఎండకి జిగురు కరిగిపోయి, వేలు తీయగానే మళ్ళీ లేచింది. పాస్టరు గారు వధూవరులనూ వాళ్ళెక్కే వాహనాన్నీ ఆశీర్వదిస్తూ “ఈ ప్రయాణములో ఏ అపాయమునూ కలుగకుండునట్లు...” అని ప్రార్థిస్తుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. మధ్య సీట్లో వధూవరులు, వెనక పిన్నీ ఇంకొందరు ఆడవాళ్ళు, నా పక్కన కోదాడ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు కూర్చున్నారు. బాబాయి, మిగతా చుట్టాలు వెనక బస్సులో. బండి కదిలిన దగ్గర్నుంచీ ఫోటోగ్రాఫరుది ఒకటే గొడవ. “అన్నా, గేటు కాడ జర స్లో చెయ్యి. నువ్వు బటన్ నొక్కు, వీళ్ళిద్దరూ మెల్లగ లేవాలె. పైన డ్రోన్ తిప్పుతా. అదిరిపోతది చూడు.” అదిరిపోతుందని నాకూ తెలుసు. నా గుండె అప్పటికే ఆ పనిలో ఉంది.

చిల్లకల్లు టోల్‌గేటు దాటాక, వెనక లారీవాడు హారన్ మోగిస్తుంటే వేగం పెంచక తప్పలేదు. పైన టప్ టప్ మని చప్పుడు మొదలైంది. “ఏంట్రా అది?” అంది పిన్ని. “గాలి పిన్నీ” అన్నాను. కాసేపటికి టప్ టప్ కాస్తా ఫటఫటా అయింది. పక్కనే బైకు మీద ఒకాయన వెంబడిస్తూ, ఒక చెయ్యి వదిలేసి పైకి చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా, రోడ్డు తప్ప నాకేదీ కనపడనట్టు నడుపుతున్నాను. అప్పుడు బుజ్జమ్మ వెనక్కి తిరిగింది. వెనకద్దం మీదికి నల్లగా ఏదో వచ్చి వాలి, ఎగిరి, మళ్ళీ వాలుతోంది. “అన్నయ్యా! మన సన్‌రూఫ్ ఎగిరిపోతోంది!” అని కేక వేసింది.

బండి పక్కకి ఆపాను. అందరూ దిగారు. షీటు సగం ఊడి వెనక్కి వేలాడుతోంది. ఎండలో టాపు మొత్తం బయటపడింది. బూడిదరంగు పెచ్చులు, వాటిమీద నలిగిన మల్లెపూలు. బుజ్జమ్మ బండి మెట్టు మీద కాలు పెట్టి లేచి, టాపు మీద వేళ్ళతో కొట్టి చూసింది. రేకు చప్పుడు. నా వైపు తిరిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. అద్దం ముందు సాధన చేసిన నోరు దాని దారిన అది తెరుచుకుంది. “స్విచ్ పని చేయట్లేదు” అన్నాను.

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు నిండాయి. చూస్తుండగానే మొహం ముడుచుకుంది. ఇక ఏడుస్తుందనుకున్నాను. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. మెట్టు మీద కూలబడి, ముసుగు ఒళ్ళోకి లాక్కుని మరీ నవ్వింది. దాన్ని చూసి పిన్ని నవ్వింది, ఆగి చూస్తున్న బైకాయన నవ్వాడు. పెళ్ళికొడుకు కోటు విప్పి బానెట్ మీద పెట్టి, నాతో పాటు షీటు చుట్టసాగాడు. “బావగారూ, ఇది మళ్ళీ అతుక్కుంటుందంటారా?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఒక్క ఫోటోగ్రాఫరు మాత్రం అలిగి నందిగామ దాకా మాట్లాడలేదు. హాలు గేటు బయటే బండి ఆపించి బుజ్జమ్మ దిగిపోయింది. బస్సులోంచి దిగిన బాబాయి చెయ్యి ఒక పక్క, మొగుడి చెయ్యి ఒక పక్క పట్టుకుని నడిచే లోపలికెళ్ళింది.

ఆ తర్వాత చాలాకాలం ఏ పెళ్ళికెళ్ళినా ఈ కథ నేనే చెప్పేవాణ్ణి. చివర్లో ‘ఎలాగైతేనేం, పెళ్ళికూతుర్ని నవ్వించా’ అని ముగించేవాణ్ణి. మొన్నామధ్య నందిగామలో వాళ్ళింటికెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాను. అందరూ నవ్వి లేచారు. బుజ్జమ్మ కంచాలు తీస్తుంటే, “ఆ రోజు నీకు నిజంగా ఏమనిపించింది?” అనడిగాను. ఎందుకడిగానో తెలియదు, అన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

“బాధేసిందన్నయ్యా. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ రోడ్డు మీదే కూర్చుని గట్టిగా ఏడవాలనిపించింది. అదొక్కటేగా నేను అడిగింది. కానీ నీ మొహం చూసా. నేను ఏడిస్తే నువ్వు ఆ బండి అక్కడే వదిలేసి ఎటన్నా వెళ్ళిపోయేట్టున్నావ్. అందుకని నవ్వా. మొదలెట్టాక నిజంగానే నవ్వొచ్చిందిలే” అంది.

దాన్ని నవ్వించానని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకు తిరిగాను. నిజానికి పెళ్ళిబట్టల్లో, నడిరోడ్డు మీద, తనకి దక్కనిదాన్ని పక్కన పెట్టి ఆ పిల్లే నన్ను ఓదార్చింది. “చెప్పొచ్చు కదే ఇన్నాళ్ళూ” అన్నాను. “ఎంత ముచ్చటగా చెప్పుకుంటావో కదా, ఎందుకులే అని” అంటూ నా చేతిలో కిళ్ళీ పెట్టింది.

ఆ మే నెల ఎండలో నల్ల షీటు చుట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డ కాటా కుర్రాడు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఊరంతా తన బండి టాపు వైపే చూస్తోందని హడలిపోయాడు పాపం. చూడాల్సినవాళ్ళు మాత్రం తన మొహం వైపే చూస్తున్నారని వాడికి తెలియలేదు.