కొమ్ములు రాకుండా

హైస్కూలు వరండాలో ఆ నీలంరంగు మెత్తను సంచిలోంచి తీయగానే, కొత్త చెప్పుల కొట్లో వచ్చేలాంటి వాసన గుప్పుమంది. రెండు తలగడలంత మందం ఉంది, కాలు పెడితే దిగబడి మళ్లీ పైకి లేస్తోంది. పట్నం నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయి కబడ్డీ ఆడే పిల్లలను ఒక్కొక్కరినే దాని మీద ఒంటికాలితో నిలబెట్టి, చేతులు నడుముకు పెట్టించి, కళ్లు మూయించి, రెండో కాలు కింద ఆనినా, చెయ్యి జారినా, కన్ను తెరిచినా తప్పు కింద రాసుకుంటోంది. ఎవరు ఎంత తూలుతున్నారో చూస్తే, ఆటలో తలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎవరికి ఎక్కువో కొంత ముందే పసిగట్టవచ్చట. మా అమ్మాయి వంతు కోసం నేనూ, మా అప్ప పైడమ్మా కూర్చున్నాం. మా వైపు అక్కను అప్ప అంటాం. అప్ప వీపు గోడకు ఆనించి కూర్చుంది. గోడ లేనిచోట కూర్చోవడం మానేసి చాలా ఏళ్లయింది.

ఈ పరీక్ష నాకేమీ కొత్త కాదు. శృంగవరపుకోట దగ్గర మా ఊళ్లో, కొండల మీంచి పనసపళ్లు దిగి వీధి వీధంతా ఆ తీపి వాసనతో మగ్గిపోయే వేసవుల్లో, పొద్దున్నే చోడి అంబలి, అదే రాగిజావ, తాగి, ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు పరికిణీ ఒళ్లో పోసుకుని, ఎర్రమట్టిలో పుల్లతో గళ్లు గీసి, పెంకుముక్క విసిరి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. అప్పకు పద్నాలుగేళ్లు, నాకు పది. చెడుగుడులో కూతకెళితే అప్పను పట్టి ఆపగలిగిన ఆడపిల్ల చుట్టుపక్కల ఊళ్లలో లేదు. కానీ ఒంటికాలి మీద నాలుగు గళ్లు దాటే సరికి ఒళ్లు ఊగిపోయి గీత తొక్కేసేది. తూలుడు పైడి అని పేరు పెట్టాం. ఆ ఫిజియో అమ్మాయి రాసుకునే తప్పులన్నీ మేమూ లెక్కపెట్టాం, నవ్వుకోడానికి.

జిల్లా జట్టుకు ఎంపిక మర్నాడనగా, సాయంత్రం సాధనలో ఒక మనిషి తక్కువైందని నన్ను నిలబెట్టారు. అప్ప కూతకొచ్చింది. పట్టుకోబోయి నేను వంగాను, తనూ వంగింది, రెండు తలలూ టెంకాయల్లా ఠంగుమన్నాయి. నాకు బొప్పి కట్టింది. అప్ప మాత్రం కూత ఆపేసి నేల మీద కూలబడి, ఎదురుగా ఉన్న నన్ను ఎవరో అన్నట్టు చూసింది. నా భయం వేరు. తలలు ఒక్కసారే గుద్దుకుంటే కొమ్ములు మొలుస్తాయని, రెండోసారి గుద్దుకుంటేనే దోషం పోతుందని మా ఊళ్లో ప్రతి పిల్లకూ తెలుసు.

“అప్పా, ఇంకోపాలి. లేపోతే రేపటికి కొమ్ములొస్తాయి,” అన్నాను ఏడుపు గొంతుతో.

“రాయే, గుద్దు,” అంది అప్ప, నవ్వడానికి చూస్తూ.

నెమ్మదిగా తాకిస్తే చాలదేమోనని, నాలుగడుగులు వెనక్కి వేసి పరుగెత్తుకొచ్చి గుద్దాను. ఎంపిక రోజున మా అప్పకు కొమ్ములుండకూడదు.

ఆ రాత్రి అన్నం వెళ్లగక్కింది. ఎండదెబ్బని అమ్మ తలకు ఆముదం పెట్టింది. మర్నాడు జడ వేస్తుంటే రెండు కాళ్ల మీదా నిలవలేక తలుపు పట్టుకుంది. మైదానంలో గీత దగ్గర ఊగుతుంటే ఆటల మేస్టారు, “ఏటే గుంటా, కల్లు తాగొచ్చినావేటి?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్ప రెండోసారి కూతకెళ్లినప్పుడు ఎవరో మడమ పట్టి లాగారు. ఎవరికైనా పడేటప్పుడు చేతులు ముందుకొస్తాయి. అప్ప చేతులు రాలేదు. తలే ముందు నేలను తాకింది.

విజయనగరం ఆసుపత్రి నుంచి మనిషి తిరిగొచ్చింది గానీ అప్ప తిరిగి రాలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదేవి, జాతర డప్పు వినిపిస్తే చెవులు మూసుకుని చీకటి గదిలోకి పోయేది. గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. గోడ పట్టుకు నడవడం చూసి వేషాలన్నవాళ్లున్నారు. పదో తరగతి దాటలేదు. ఆ మేస్టారు తన హయాంలో జిల్లాకు పంపిన పిల్లల గురించి రిటైరయ్యేదాకా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ జాబితాలో అప్ప లేదు. పరుగెత్తుకొచ్చి గుద్దిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అప్పా చెప్పలేదు, అది మరీ కష్టం.

మా అమ్మాయి మెత్త ఎక్కింది. కళ్లు మూసింది. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా ఊగింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ ఊగింది. నాకు తెలిసిన ఊపే అది.

“కచ్చితంగా దెబ్బ తగులుతాదని కాదండి,” అంది ఫిజియో అమ్మాయి. “ఇది ఒక సూచన మాత్రమే. రెండు నెలలు నిలకడ సాధన సేయిద్దాం. అప్పటిదాకా మ్యాచ్‌లొద్దు.”

“వచ్చే ఆదివారం మ్యాచ్ ఉన్నాదమ్మా!” అని మా అమ్మాయి బూట్లు విసిరికొట్టింది. నేను ఒప్పుకోలేదు. నన్ను శత్రువులా చూసింది. చూడనీ.

మేం ఆడిన ఎర్రమట్టి వీధి మీద ఇప్పుడు సిమెంటు ఉంది, గీత గీస్తే పడదు. తొక్కుడుబిళ్ల పోయింది, పరికిణీలు పోయాయి, ఏడాదికోసారి పనసపండు కొంటే మా ఇంట్లో వాసన పడదంటారు. పోవలసినది ఒక్కటీ పోలేదని మాత్రం ఆ వరండాలోనే తెలిసింది. విసిరికొట్టిన బూట్లు ఏరడానికి నేనూ మా అమ్మాయీ ఒకేసారి వంగాం. తలలు తాకాయి, మెత్తగానే. కోపమంతా మరిచిపోయి అది నా భుజం పట్టుకుని, “అమ్మా, ఉండు, ఇంకోపాలి,” అంటూ తల ముందుకు తెచ్చింది. నేను నేర్పలేదు. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. నా మెడ కదల్లేదు.

అప్ప గోడ వదిలింది. రెండడుగులు, ఏదీ పట్టుకోకుండా, తూలుతూనే వచ్చి మా రెండు తలల మధ్యా అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఒద్దే గుంటా,” అంది. “కొమ్ములొస్తే రానీ.”