రెండూ ఒకటే

ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో, కళ్ళు పరీక్షించే గదిలో ఒక కుర్చీ, ఎదురుగోడ మీద పైనుంచి కిందికి చిన్నవవుతూ పోయే అక్షరాల పలక, పక్కన బల్ల మీద మూత తెరిచిన చెక్కపెట్టె ఉండేవి. పెట్టెలో గాజుబిళ్ళలు వరసలుగా, దేని గాడిలో అది నిలబడి ఉండేవి. కూర్చున్న మనిషి ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో ఒక బిళ్ళ వేసి తీసి, ఇంకొకటి వేసి, ఎత్తూ తగ్గూ లేని గొంతుతో ఆ దుకాణం నడిపే ఆయన అడిగేవాడు: "ఇది నయమా... ఇది నయమా?"

పరీక్ష చివర ఆయనకొక అలవాటు ఉండేది. తీసిన బిళ్ళనే తిరిగి వేసి, అదే ప్రశ్న అడిగేవాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు కాసేపు తటపటాయించి, "రెండూ ఒకటేలా ఉన్నాయండీ" అంటాడు. మెప్పించాలనుకునేవాడు "ఆఁ, రెండోది బ్రహ్మాండం" అంటాడు. అలా అన్నవాళ్ళు అంతవరకూ చెప్పిన జవాబులన్నీ ఆయన పక్కన పెట్టేసి, "మళ్ళీ చూద్దాం" అంటూ మొదటికొచ్చేవాడు. దాంతో వీధిలో అసలు పేరు వెనకబడి, ఆయన మళ్ళీచూద్దాం గారు అయిపోయాడు.

ఒకసారి ఒక లారీ డ్రైవరు విసిగిపోయి, "బట్టల కొట్లో మా ఆవిడే నయం సార్! ఎంత తిప్పినా చివరికి ఒకటి పట్టుకుని బయటపడుతుంది" అన్నాడు.

ముందుగదిలోంచి ఆడగొంతు వినిపించింది. "ఆవిడ గుడ్డను అనుమానిస్తుంది బాబూ, ఈయన మనిషిని అనుమానిస్తారు. ఇంకాస్త ఓపిక పట్టు."

ఆ గొంతు ఫ్రేములు బిగించే ఆవిడది. భర్త పోయాక పనికి చేరి, ఆ దుకాణంలోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. ఫ్రేము కాడల్ని వేడిగాలికి పట్టి మెత్తబరచి, చెవి వెనక ఒదిగేలా వంచేది. సరిపోయిందా అని ఎవరినీ అడిగేది కాదు. ఏదో ఒక మాట అని నవ్వించేది. నవ్వినప్పుడు కళ్ళజోడు జారితే మళ్ళీ వంచేది, జారకపోతే పంపించేసేది.

"అడగరేం?" అన్నాడు ఆయన ఒకసారి.

"అడిగితే సరిపోయిందనే అంటారండీ. నవ్వు అబద్ధమాడదు."

ఆ పద్ధతిలో లోపమేమైనా ఉందా అని ఆయన చాలాకాలం ఆలోచించాడు. దొరకలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పనూ లేదు.

ఇంట్లో ఆయనకు వేరే పని ఉండేది. వంటగది పక్క గదిలో నీళ్ళు నింపిన పీపా, దాని మీద పళ్ళెమంత గాజుదిమ్మె. ఆ దిమ్మె మీద రాపిడిపొడీ నీళ్ళూ వేసి, పైన ఇంకో దిమ్మె పెట్టి, పీపా చుట్టూ తిరుగుతూ రుద్దేవాడు. దూరదర్శినికి కావలసిన గుంట అద్దం అలా తయారవుతుంది. చుక్కలంటే ఆయనకు చిన్ననాటి నుంచీ పిచ్చి. కొనుక్కోవచ్చుగా అంటే, "కొన్నదాన్ని ఎలా నమ్మేది?" అనేవాడు. రుద్దడం కాసేపే, పరీక్షించడానికే రోజులు పట్టేవి. తలుపులు మూసి గది చీకటి చేసి, అద్దానికి ఎదురుగా చిన్న దీపం, ఒక బ్లేడు నిలబెట్టి, బ్లేడు అంచు పక్కగా చూస్తే, చేతికి తెలియని మిట్టపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. కనిపించినప్పుడల్లా మళ్ళీ రుద్దేవాడు.

సందేహించేవాడికి మోజు ఉండదనీ, మోజుపడ్డవాడికి సందేహం రాదనీ లోకం మనుషుల్ని రెండు గుంపులుగా విడగొట్టి చూస్తుంది. ఆ గదిలో ఆయన్ని చూస్తే ఈ విభజన కొంత సవరించుకోవలసి వచ్చేది. అంత మోజు లేనివాడు అన్నిసార్లు అనుమానించడు; ఏదో ఒక పూట ఇక చాలనుకుని లేచిపోతాడు. అయితే గాజు దగ్గర చెల్లిన ఈ సవరణ మనుషుల దగ్గర కూడా చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఆయనకు ఆలస్యంగా ఎదురైంది.

ఒక సెలవురోజు ఆమె దుకాణం తాళాలు ఇవ్వడానికి ఇంటికి వచ్చింది. పీపా మీది గాజును చూసి, "ఓహో, మీరు కాపురం చేస్తున్నది దీనితోనన్నమాట!" అంటూ దాని మీద బొటనవేలు ఆనించింది. ముట్టుకోకండి అనబోయి ఆయన ఊరుకున్నాడు. మాట్లాడినంతసేపూ ఆ వేలు అక్కడే ఉంది. ఆమె వెళ్ళాక గది చీకటి చేసి చూస్తే, వేలు ఆనిన చోట వెచ్చదనానికి గాజు ఉబ్బి, చిన్న గుట్టలా నీడ కట్టింది. అలాంటివి చల్లారేదాకా అద్దం జోలికి పోకూడదన్నది పనిలో నియమం. గుట్ట మెల్లగా కుంగి, చదునై, మాయమైంది. అంతసేపూ ఆయన బ్లేడు దగ్గరనుంచి కదల్లేదు. చూస్తూ కూర్చోమని నియమంలో లేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకు, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, ఆమె చేతిలో ఫ్రేము తుడుస్తూ అంది. "మా తమ్ముడు వాళ్ళ ఊరు వచ్చేయమంటున్నాడండీ. కళ్ళజోళ్ళ కొట్టు పెడుతున్నాడట. నేను చూసుకోవాలట."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"మీకు వెళ్ళాలనుందా?"

ఆమె ఫ్రేము బల్ల మీద పెట్టింది. "లేదు. ఇక్కడే ఉండాలనుంది."

అంతకంటే తేటగా ఆ దుకాణంలో ఎవరూ జవాబు చెప్పి ఉండరు. ఆమె ఎదురుచూసింది. ఉండండి అన్న మాట ఆయన గొంతుదాకా వచ్చింది. ఈలోగా ఎవరో కళ్ళజోడు విరిగిందంటూ వచ్చారు. ఇంటికి వెళ్ళేదారి పొడుగునా ఆయన ఆ జవాబును వెలుగుకు ఎత్తి తిప్పి చూసుకున్నాడు. మొహమాటానికి అన్నదేమో. కొత్త ఊరంటే బెరుకేమో. ఒంటరివాడినని జాలేమో.

మర్నాడు టీ తాగుతూ, మాట మార్చి అడిగాడు. "ఒకవేళ అక్కడ అన్నీ బాగా కుదిరితే, వెళ్తేనే నయం అనిపిస్తుందేమో మీకు?"

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది. "నిన్న వేసిన బిళ్ళే మళ్ళీ వేశారు."

"అబ్బే, అది కాదండీ..."

"ఇన్నేళ్ళు పక్కగదిలో ఉన్నదాన్ని, నాకు తెలీదా? నన్ను కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టేశారు." గ్లాసు కడిగి బోర్లించింది. సాయంత్రానికి, వస్తున్నానని తమ్ముడికి ఫోన్ చేసేసింది.

ఆదివారం ఆయన అక్కయ్య వచ్చింది. తమ్ముణ్ణి తిట్టే హక్కు మిగిలిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

"ఆ అమ్మాయి వెళ్ళిపోతోందటగా?"

"అమ్మాయేమిటక్కా, యాభై దాటితేనూ."

"నాకంటే చిన్నది, అమ్మాయే. అసలు నువ్వేమడిగావు?"

చెప్పాడు. అక్కయ్య తల పట్టుకుంది. "రెండుసార్లా! మీ బావగారు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు, అది వేరే దరిద్రం. రెండుసార్లు ఎవరైనా అడుగుతారట్రా?"

"నాకు లెక్కలేకపోతే ఒక్కసారీ అడక్కపోదును. కావాలి గనకే కదక్కా, నిజమో కాదో చూసుకున్నది?"

"కావాలన్నది నీ కడుపులో ఉంది. ఆ అమ్మాయికి కనిపించింది అనుమానం ఒక్కటే. ఒరేయ్, ఆ గాజు నొచ్చుకోదు, దానికి ఎన్నిసార్లు బ్లేడు పెట్టినా పడుంటుంది. మనిషికి పెడితే తెగుతుంది."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"చెప్పు. అడక్కు, చెప్పు."

ఆయన చెప్పలేదు. రోజూ చెబుదామనే దుకాణానికి వెళ్ళి, రోజూ పరికరాలు తుడిచి వచ్చేవాడు.

ఆమె ఉండే ఆఖరి రోజున, గిరాకీ సర్దుమణిగాక, కుర్చీ చూపించి "కూర్చోండి" అంది.

"ఎందుకు?"

"బస్సు మీద బోర్డు కనపడక కళ్ళు చికిలిస్తున్నారు. ఊరందరి కళ్ళూ మీరు చూస్తారు, మీ కళ్ళు ఎవరు చూస్తారు?"

కూర్చున్నాడు. ఆ కుర్చీలోంచి ఆ గది అంత పొడుగుగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఆమె అచ్చం ఆయన గొంతుతోనే మొదలుపెట్టింది. "ఇది నయమా... ఇది నయమా?" ఆయన కూడా ఒక్కో జవాబూ తూచి చెబుతూ వచ్చాడు. చివరికొచ్చేసరికి ఫ్రేము సరిచేయడానికి ఆమె ముందుకు వంగింది. వేళ్ళు కణతకు తగిలాయి, వెచ్చగా. "ఇది నయమా?" అంది.

"రెండోది నయం."

"బాగానా?"

"చాలా. కింది వరస కూడా తెలుస్తోంది."

ఆమె నవ్వలేదు. "రెండూ ఒకటేనండీ."

బిళ్ళ తీసి అంచు మీది పవరు అంకె చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరినీ మెప్పించడానికి అనలేదు. కింది వరస నిజంగానే కనిపించింది, చదవమంటే చదివేవాడే. మరి ఇన్నాళ్ళూ రెండోది బ్రహ్మాండం అన్నవాళ్ళకు ఏం కనిపించిందో?

ఆ బరువైన ఫ్రేము ముక్కు మీద ఉండగానే అన్నాడు. "వెళ్ళకండి."

ఆమె ఫ్రేము తీసి, మడిచి, పెట్టెలో పెట్టింది. "ఈ మాట మొదటి బిళ్ళకే అనాల్సిందండీ. అక్కడ వాడు కొట్టు తెరిచేశాడు. నా కుర్చీ కూడా వేసేశాడట. మాటిచ్చేశాను."

చీకటి పడకముందే ఆయనకు కళ్ళజోడు తయారుచేసి, కాడలు వంచి, తొడిగింది. "నవ్వండి" అంది. "జారుతుందేమో చూడాలి."

నవ్వాడు. ఎలా నవ్వాడో గానీ, జారలేదు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, "మీ అద్దం పూర్తయితే చెప్పండి. చూడ్డానికి వస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ముందుగదిలో వేడిగాలి యంత్రం పక్కన నవ్వులు ఆగిపోయాయి. ఫ్రేములు ఆయనే వంచేవాడు. జారుతున్నాయని జనం తిరిగి తెచ్చేవారు. చెవి వెనక చెక్కుచెదరకుండా ఉన్నది ఆయన కళ్ళజోడొక్కటే. ఇంట్లో రుద్దుడు ఎప్పటిలాగే సాగింది, కానీ కారణం మారింది. పూర్తికానంతకాలం ఆమె వస్తానన్న మాట నిలిచి ఉంటుంది. పూర్తయితే, వస్తుందో రాదో తేలిపోతుంది. బతుకంతా పరీక్షలు పెట్టినవాడికి, పరీక్ష పెట్టకుండా దాచుకోవలసిన వస్తువొకటి దొరికింది.

చలికాలం పోయాక ఒకరోజు, బ్లేడు పక్కగా చూస్తే అంచు దగ్గర సన్నటి పల్లం కనిపించింది. ఇంకాస్త రుద్దితే పోతుంది. పొడి డబ్బా చేతికి తీసుకుని, అక్కయ్య మాట గుర్తొచ్చిందో, తన మీద తనకే విసుగు పుట్టిందో, దించేశాడు. అద్దాన్ని పాత దుప్పట్లో చుట్టి, వెండిపూత వేసేవాళ్ళకు ఇచ్చి వచ్చాడు. పూతతో అది తిరిగొచ్చిన సాయంత్రం ఫోన్ చేశాడు.

"అద్దం పూర్తయిందండీ."

"పూర్తయిందా? మీరేనా మాట్లాడేది?"

"అంచు దగ్గర చిన్న పల్లముంది. ఉండనిచ్చాను."

అవతల ఆమె నవ్వింది. నవ్వు వెనక వేడిగాలి యంత్రం చప్పుడు, ఎవరో బేరమాడుతున్న గొంతు.

"ఎప్పుడొస్తారు?" అన్నాడు.

"ఇక్కడ గిరాకీ ఊపిరాడనివ్వడంలేదండీ..." కాస్త ఆగి అంది, "చూద్దాం."

అది మర్యాదగా కాదనడమో, నిజంగా వస్తాననడమో ఆయనకు తెలియలేదు. ఇంకొక్క ప్రశ్న వేస్తే తెలిసిపోయేది. ఆ ప్రశ్న నాలుకమీదే ఉంది కూడా.

"సరేనండీ" అని ఫోన్ పెట్టేశాడు.