సిమ్లా కర్రకు వాటా

డెబ్బైల నాటి మాట. నెక్కొండలో రైలు దిగేసరికి నా చేతిలో సిమ్లాలో కొన్న, ఇనుప మొన ఉన్న చేతికర్ర ఉంది. మిత్రుడి ఊరివాళ్లు కుందేళ్ల వేటకు బయల్దేరుతుంటే, కొండలు నాకు కొత్తకాదని బడాయి కొట్టి వాళ్ల వెంట వెళ్లాను.

గుట్టంతా బండలే. వల కట్టేదాకా చప్పుడు చేయకూడదట. అందరూ వెదురుకర్రలు పట్టుకుని పిల్లుల్లా నడుస్తున్నారు. నా కర్ర మాత్రం అడుగడుక్కీ ఖంగుమంటోంది. ముందు నడుస్తున్న పెద్దాయన కొమురయ్య వెనక్కి తిరిగాడు. నేను కర్ర పైకెత్తి పట్టుకున్నాను.

"మొనకు గుడ్డ చుట్టనా?" అన్నాను.

"వద్దు బిడ్డా. జర ఆగు. వల కట్టినంక గా పొదల పొంటి మంచిగ కొట్టుకుంట రా."

వల కట్టాక, అలాగే పొదల పక్కన బండల మీద కర్ర కొట్టుకుంటూ వెళ్లాను. పొదల్లోంచి మూడు కుందేళ్లు లేచి నేరుగా వలలో పడ్డాయి.

ఊళ్లో మాంసం పంచేటప్పుడు కొమురయ్య మనిషికో వాటా, వేటకొచ్చిన కుక్కకో వాటా వేసి, నా ముందు మాత్రం రెండు పెట్టాడు. నాకెందుకు రెండని మొహమాటపడ్డాను.

"ఒకటి డప్పు వాటా," అన్నాడాయన. "డప్పు కొట్టి కుందేళ్లను లేపేటాయనకు ఇయ్యాల జెరమొచ్చింది. నీ కర్రే ఆయన పని చేసింది. తీస్కో, మా రివాజు తప్పొద్దు."