దసరాకు మోగే దోమ

మొన్న పత్తి మోకాలెత్తు పెరిగాక, మా మిగిలిన చెలకను కౌలుకు చేస్తున్న దంపతులు మందు కొట్టే పెట్రోలు మిషను తెచ్చి మా వాకిట్లో దించారు. ఒకరి తర్వాత ఒకరు దాని తాడు లాగి లాగి అలసిపోయి, చివరికి అరుగు మీద కూర్చున్న నా వంక చూశారు. టాంకీ మూత తీసి వాసన చూడమన్నాను. తీయగానే పాత వార్నిషు వాసన నా కుర్చీ దాకా వచ్చింది. పోయిన ఏడు పని అయిపోయాక టాంకీ నిండా పెట్రోలు పోసి అటకెక్కించిందట ఆ ఇల్లాలు. ఎందుకు పోశావంటే, నేనేదో అడగరానిది అడిగినట్టు చూసింది.

"ఉత్తది అటక మీద పెడ్తరామ్మా? నిండుగుండాలె గద."

నా తోటి వయసు వాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు. ఖాళీ కుండను బోర్లించే దాచడం, బియ్యం డబ్బా అడుగు కనబడకుండా గుప్పెడు ఉంచడం, 'అయిపోయింది' అనకుండా 'నిండుకుంది' అనడం మనమంతా ఎరిగినవే. కానీ ఆ మాట నాకు మా నాయనమ్మ గొంతులోనే వినబడింది, ఆ వెంటనే పిడికిలంత ఇంజను ఒకటి కళ్ల ముందు నిలిచింది.

మాది తెలకపల్లి వైపు ఒకప్పుడు నాలుగు ఊళ్లు చేతిలో ఉన్న ఇల్లు. గొప్పకు చెప్పడం లేదు, అలాగని దాచుకోవలసిన అవసరమూ నాకు లేదు. నాకు బుద్ధి తెలిసేనాటికి ఊళ్లు పోయి, భూములు ఒక్కొక్క చెక్కా పోతూ, గడప ముందు ఒక పాత కారు మాత్రం మిగిలింది. దసరా నాడు ఆయుధ పూజ అయ్యాక డప్పులవాళ్లు వచ్చి మా గేటు ముందు నిలబడేవారు. లోపల కారు స్టార్టయిన చప్పుడు వినబడగానే డప్పు మీద మొదటి దెబ్బ పడేది, ఊరు ఊరంతా జమ్మి దగ్గరికి కదిలేది. చుట్టుపక్కల ఎన్ని ఇళ్లున్నా ఆ మొదటి దెబ్బ మా గడప దగ్గరే పడాలన్నది ఆచారం. నాయనమ్మ దృష్టిలో మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

తర్వాత కారూ పోయింది. ఆ ఏడు దసరాకు డప్పులవాళ్లు అలవాటుగా వచ్చి నిలబడ్డారు కానీ, ఏ చప్పుడు కోసం ఆగాలో వాళ్లకూ తెలియదు, ఏం చెప్పి పంపాలో మాకూ తెలియదు. అప్పుడు మా నాయన లోపలికి వెళ్లి, హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న బొమ్మ విమానం ఇంజనును పట్టుకొచ్చాడు. విమానం ఎన్నడో ఎవరిదో జొన్నచేలో కూలిపోయింది, ఇంజను మాత్రం మిగిలింది. దాన్ని ఒక పలకకు బిగించి, స్టూలు మీద పెట్టి, చెక్క రెక్కను వేలితో ఒక్క విసురు విసిరాడు. అది కీచుమని లేచి వాకిలంతా మోగింది. డప్పుల పెద్ద గేటు సందులోంచి తొంగి చూసి, "కారు ఈనిందా ఏంది దొరా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు, నాయన కూడా నవ్వాడు, నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. కానీ ఆ నవ్వులోనే డప్పు మీద దెబ్బ పడింది. ఆనాటి నుంచి దాని పేరు దోమ.

వీధి చివర ఉండే మా దాయాది పెదనాయన కొత్త ట్రాక్టరు కొన్నాక ఈ ఆచారం ఆయనకు కంట్లో నలుసయింది. "దోమకు దండం పెట్టుకుంట ఎన్నేండ్లు నడుస్తం? నా ట్రాక్టరు లేస్తే ఊర్ల గిన్నెలన్ని గలగలమంటయి" అని పెద్దల దగ్గర పంచాయితీ పెట్టాడు. దోమ మోగినన్నాళ్లు పాత పద్ధతే నడవనీ, మోగని ఏటి నుంచి ట్రాక్టరు ఇంటికే పోదామని పెద్దలు తేల్చారు. న్యాయంగానే తేల్చారు, ఇప్పటికీ నేను వాళ్లను తప్పు పట్టను.

దాంతో మా నాయనకు ఆ ఇంజను సేవ ఒక వ్రతమైపోయింది. పెట్రోలు ఏ ఏటికా ఏడు నాగర్‌కర్నూలు నుంచి రేకు డబ్బాలో కొత్తగా తెప్పించేవాడు, పాతది మిగిలితే సైకిలు గొలుసు కడగడానికే తప్ప ఇంజనుకు చూపించేవాడు కాదు. దాన్ని నాయనమ్మ పాత గద్వాల చీర నూలు ముక్కలో వడగట్టి, చిక్కటి ఇంజనాయిలు కలిపి, సీసాను బాగా ఊపి పోసేవాడు. ఇంట్లో ఆముదం ఉండగా కొన్న నూనె ఎందుకని నాయనమ్మ సణిగితే, ఒక గాజు గ్లాసులో పెట్రోలూ ఆముదమూ పోసి, అవి దాయాదుల్లాగా వేరువేరుగా నిలబడడం చూపించాడు. దోమ పని ముగిశాక నూనె కలపని పెట్రోలు కాస్త పోసి, అది పూర్తిగా తాగి తనంతట తాను ఆగేదాకా తిప్పేవాడు. టాంకీ వంచి ఆరబెట్టి, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసి, రెక్కను చేత్తో మెల్లగా తిప్పి, అదే చీర గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టేవాడు.

వీటిలో నాయనమ్మకు ఒక్కటే మింగుడు పడేది కాదు. పెట్రోలు దగ్గర దీపం ఉండకూడదు కనుక ముందు ఖాళీ ఇంజనుకు హారతిచ్చి, దీపం లోపల పెట్టి వచ్చాకే టాంకీ నింపాలని నాయన పట్టు. "కడుపు మాడ్సి హారతిస్తరారా? ఖాళీది దాస్తరారా? ఇల్లు గందుకే గిట్లయింది" అని ఆమె ప్రతి దసరాకూ అనేది, నాయన ప్రతి దసరాకూ వినేవాడు, టాంకీ మాత్రం ఖాళీ చేసేవాడు.

ఒక దసరా సాయంత్రం దోమ బ్రహ్మాండంగా మోగింది కానీ, జమ్మి నుంచి తిరిగొచ్చేసరికే నాయన ఒళ్లు కాలిపోతోంది. టైఫాయిడ్. మేమంతా దవాఖాన చుట్టూ తిరుగుతుంటే, ఇంజనును ఎత్తి పెట్టింది నాయనమ్మ. కొడుకు మంచంలో ఉన్నప్పుడు ఇంట్లో ఖాళీది ఏదీ ఉండకూడదనుకుందో ఏమో, సీసాలో మిగిలినదంతా టాంకీలోకి వంచి, నిండుగా, బొట్టు పెట్టి మరీ అటకెక్కించింది. పూజ చేసిన వస్తువును మళ్లీ దసరా దాకా కదిలించకూడదన్నది కూడా ఆమె నియమమే కనుక, కోలుకున్నాక కూడా నాయన ఆ మూట విప్పలేదు.

మరుసటి ఏడు నేను నాగర్‌కర్నూలులో బడిపంతులమ్మగా కొత్తగా చేరి సెలవులకు వచ్చాను. పూజ వేళకు మూట విప్పి టాంకీ మూత తీసిన నాయన ముఖం చూసి దగ్గరికి వెళ్లాను. పెట్రోలు ఎప్పుడో ఎగిరిపోయి, అడుగున బెల్లం పాకం లాంటి గోధుమరంగు జిగురు మిగిలింది. ఇంజనులోకి పెట్రోలు దిగే సన్నటి సూదిగొట్టం పూర్తిగా పూడుకుపోయింది. అప్పటికే గేటు బయట డప్పులు కాచుకుంటున్న మంట వెలుగు కనబడుతోంది. నాయన అక్కడే కూర్చుని కొత్త పెట్రోలుతో కడగడం, చీపురు పుల్లతో పొడవడం, ఊదడం మొదలుపెట్టాడు.

"ఏంది దొరా, దోమ ఇంక లేవలేదా?" అని డప్పుల పెద్ద కేకేశాడు.

"జర ఆగు, లేస్తది" అన్నాడు నాయన.

చాలాసేపే ఆగారు. అవతల ట్రాక్టరు మోగడం మొదలైంది. డప్పుల పెద్ద ఈసారి గేటు తీసుకుని లోపలికే వచ్చి, గొంతు తగ్గించి, "పొద్దు గుంకుతుంది దొరా, జమ్మి కాడ జనం నిలవడ్డరు. ఏమనుకోకు" అన్నాడు. నాయన తలెత్తకుండానే పొమ్మన్నట్టు చెయ్యూపాడు. మొదటి దెబ్బ వీధి చివర పడింది. స్తంభానికి ఆనకుండా నిటారుగా నిలబడి నాయనమ్మ ఆ దెబ్బ విన్నది.

డప్పు ఊరు దాటేవేళకు దోమ లేచింది. ఎన్నడూ లేనంత శుభ్రంగా మోగింది, వినడానికి మేం ముగ్గురమే. ఆగిపోయాక నాయనమ్మ వచ్చి, ఎవరూ చెప్పకుండానే టాంకీని తన చేత్తో వంచి చివరి చుక్క దాకా పారబోసింది. గుడ్డలో మూటకట్టింది కానీ, ముడి వేయబోయి ఆగి, లోపలికి వెళ్లి నాలుగు బియ్యపు గింజలు తెచ్చి ఆ గుడ్డ చివర కట్టింది.

"దాని కడుపు ఖాళీగుంటెనే బతుకుతదంటివి గద, ఉండనీ. మూట మాత్రం ఉత్తది కాదు" అంది. తప్పయిందని ఆమె జీవితంలో అన్న మాట అదొక్కటేనని నాయన తర్వాత చాలాసార్లు చెప్పుకుని మురిసిపోయేవాడు.

డప్పు మళ్లీ మా గడపకు రాలేదు. కొన్నేళ్లకు ట్రాక్టరు ఇంటికీ పోవడం మానేసింది. ఇప్పుడు డీజే బండి ఎక్కడ ఆగితే అదే మొదలు. నాయన తర్వాత దోమ నా చేతికొచ్చింది. పంపుల్లో దొరికే పెట్రోలులో ఏవేవో కలుస్తున్నాయట, రబ్బరు గొట్టాలు ఏడాదికే గట్టిపడిపోతున్నాయి, మార్చుకుంటున్నాను. నాయన చేసినట్టే చేసి, నాయనమ్మ కట్టినట్టే నాలుగు గింజలు కట్టి పెడుతున్నాను.

కౌలుదారు భార్యకు మిషను కడగడం చూపించి, పని ముగిశాక టాంకీ ఖాళీ చేసి మిషను పిడికి గుప్పెడు బియ్యం మూట కట్టుకోమన్నాను. ఆమె మనసు తేలిక పడింది. దసరాకు మా దోమ ఇప్పటికీ రెండో విసురుకే లేస్తుంది. అది మోగుతున్నంతసేపు నేను గేటు వైపే చూస్తూ నిలబడతాను. అటు చూడవలసిన పనేమీ లేదు. అయినా ఆ కాసేపు గేటు మూయబుద్ధి కాదు.